వేదిక నుంచి మిక్సర్ దాకా మిడి సిగ్నల్: దూరం లాగే పద్ధతి మొదటి నుంచి చివరి వరకు

పర్లాకిమిడిలో ఒక దసరా కచేరీ. కీబోర్డు వేదిక మీద ఉంది, సౌండ్లన్నీ ఉన్న ల్యాప్‌టాప్ మిక్సర్ పందిట్లో ఉంది. మధ్యలో 40 మీటర్ల దారి. చేతిలో ఉన్న మూడు మిడి కేబుళ్ళను (కీబోర్డులో ఏ మీట నొక్కారో, ఏది వదిలారో ఇంకో పరికరానికి చెప్పే తీగలు) జాయింటర్లతో కలిపి లాగేశాం. సాయంత్రం సౌండ్ చెక్‌లో బాగానే పలికింది. రాత్రి రెండో పాట చరణంలో ఒక స్ట్రింగ్స్ నోటు పట్టుకుని వదల్లేదు. వేలు తీశాను, పెడల్ వదిలాను, అయినా మోగుతూనే ఉంది. ఆక్టోప్యాడ్ దగ్గరున్న కుర్రాడు "అన్నా, నోటు ఆగట్లేదు" అని కంగారుగా అరుస్తున్నాడు. పాడే అమ్మాయి మైకును చేత్తో మూసి వెనక్కి చూస్తోంది. మిక్సర్ దగ్గరున్న అతను ఆ ఫేడర్ ఏదో వెతికి దించేసరికి పల్లవి తిరిగొచ్చేసింది.

అప్పటినుంచి బరంపురం, ఛత్రపురం, గోపాల్‌పూర్, గుణుపురం, రాయగడ, ఇలా ఎక్కడ కచేరీ ఉన్నా మిడి లైను నేనే వేస్తాను, నేనే పరీక్షిస్తాను. మన దక్షిణ ఒడిశా వైపు కార్యక్రమాలు ఎక్కువగా ఆరుబయటే. బరంపురం అమ్మవారి జాతర ఠాకురాణి యాత్ర రోజుల్లో వీధి పొడుగునా వేదికలు వేస్తారు, మిక్సర్ ఎక్కడ పెట్టనిస్తే అక్కడే పెట్టుకోవాలి. దూరం మన చేతిలో ఉండదు. ఆ దూరం దాటించే పద్ధతి మాత్రం మన చేతిలో ఉంటుంది. సోల్డరింగ్ ఐరన్ పట్టుకోవడం వచ్చిన ఎవరైనా చేసుకోగలిగేలా ఇక్కడ రాస్తున్నాను.

ముందు తీగలో ఏం పారుతుందో చూద్దాం

మిడి కేబుల్లో పాట వెళ్ళదు. "ఈ మీట నొక్కారు, ఇంత గట్టిగా నొక్కారు, ఇప్పుడు వదిలారు" అనే సమాచారం వెళ్తుంది. 1983లో ఈ పద్ధతి బయటికొచ్చింది. సీక్వెన్షియల్ సర్క్యూట్స్ సంస్థకు చెందిన డేవ్ స్మిత్, రోలాండ్ స్థాపకుడు ఇకుతారో కకేహాషి దీని వెనుక ముఖ్యులు. ఇద్దరికీ 2013లో టెక్నికల్ గ్రామీ ఇచ్చారు. ఆ అయిదు పిన్నుల గుండ్రటి జాక్ ఇవాళ్టికీ అదే.

వేగం సెకనుకు 31,250 బిట్లు. అంటే ఒక బిట్‌కు 32 మైక్రోసెకన్లు. ఒక బైట్‌కు ముందొక బిట్, వెనకొక బిట్ కలిపి పది బిట్లు, 320 మైక్రోసెకన్లు. మీట నొక్కిన సమాచారం మూడు బైట్లు, కాబట్టి దాదాపు ఒక మిల్లీసెకను.

అయిదు పిన్నుల్లో పనిచేసేవి మూడే. 4వ పిన్ను నుంచి కరెంటు బయల్దేరి, అవతలి పరికరంలో ఒక చిన్న ఎల్ఈడీని వెలిగించి, 5వ పిన్నులోకి తిరిగొస్తుంది. ఆ కరెంటు సుమారు 5 మిల్లీఆంపులు. కరెంటు పారితే సున్నా, ఆగితే ఒకటి. ఆ ఎల్ఈడీ ఆప్టో ఐసొలేటర్ అనే చిప్‌లో ఉంటుంది. ఎదురుగా ఉన్న లైట్ సెన్సర్ ఆ వెలుగును చదువుతుంది. అంటే రెండు పరికరాల మధ్య కరెంటు సంబంధం లేదు, వెలుగు సంబంధమే. 2వ పిన్ను షీల్డుకు. పంపే వైపు అది గ్రౌండ్‌కు కలిసి ఉంటుంది, అందుకునే వైపు పరికరం లోపల దేనికీ కలవదు. వేదిక మీద ఒక ఫేజు, మిక్సర్ దగ్గర ఇంకో ఫేజు, మధ్యలో జెనరేటర్ ఉన్నా మిడి వల్ల హమ్ (గుయ్‌మనే కరెంటు శబ్దం) రాకపోవడానికి కారణం ఇదే. ఈ ఏర్పాటును మనం చేసే అడాప్టర్లతో పాడుచేయకూడదు. కింద చెప్పే చాలా జాగ్రత్తలకు మూలం ఇక్కడే ఉంది.

ఇక మిడి కేబుల్ 15 మీటర్లు దాటకూడదని చెప్పుకునే సంగతి. ప్రమాణంలో రాసింది 50 అడుగులు. అంతవరకు ఏ రెండు పరికరాలు కలిపినా పనిచేయాలని ఇచ్చిన హామీ అది. 16వ మీటరు దగ్గర సిగ్నల్ చచ్చిపోదు. దూరం పెరిగితే తీగ రెసిస్టెన్స్ వల్ల సిగ్నల్ తగ్గిపోతుందని చాలామంది అనుకుంటారు. లెక్క వేస్తే అది నిజం కాదని తేలుతుంది. లాన్ కేబుల్లోని సన్న తీగ 50 మీటర్లు పోయి రావడానికి 8, 9 ఓమ్‌లు మాత్రమే అవుతుంది. మిడి సర్క్యూట్‌లో ముందే 220 ఓమ్‌ల రెసిస్టర్లు మూడున్నాయి, వాటి పక్కన ఇది లెక్కలోకి రాదు.

అసలు చిక్కు కెపాసిటెన్స్‌తో. పక్కపక్కన పరుగెత్తే రెండు తీగలు చిన్న కెపాసిటర్‌లా పనిచేస్తాయి. మామూలు మైకు కేబుల్ మీటరుకు సుమారు 100 పికోఫారడ్లు, లాన్ కేబుల్ అందులో సగం. 50 మీటర్ల మైకు కేబుల్ అంటే 5,000 పికోఫారడ్లు. దానికి సర్క్యూట్‌లోని రెసిస్టర్లు తోడైతే నిటారుగా లేవాల్సిన సిగ్నల్ అంచు ఒకటి రెండు మైక్రోసెకన్ల వాలు తిరుగుతుంది. ఒక్క బిట్ 32 మైక్రోసెకన్లు కాబట్టి ఇది ఒక్కటే కొంప ముంచదు. కానీ అవతలి ఆప్టో నెమ్మదిదైతే, మధ్యలో రెండు త్రూ జాక్‌లు (వచ్చిన సిగ్నల్‌ను అలాగే ఇంకో పరికరానికి దాటించేవి) దాటి వస్తే, పక్కనే లైట్ల వెలుగు తగ్గించే డిమ్మర్ లైను గోల చేస్తే ఆ వాలు మీద అన్నీ వచ్చి పడతాయి. అప్పుడొక బిట్ తప్పుతుంది. మిడి 1.0లో నోటు సమాచారానికి తప్పు పట్టుకునే ఏర్పాటు లేదు. "వదిలారు" అన్న మాట ఒక్కటి దారిలో పోతే నోటు మోగుతూనే ఉంటుంది. పర్లాకిమిడిలో నాకు జరిగింది అదే.

మొదటి పని: దూరం కొలవండి

కంటికి కనిపించే దూరం కాదు, కేబుల్ నడిచే దారి. వేదిక వెనక నుంచి దిగి, పందిరి గుంజల వెంట తిరిగి, జనం నడిచే చోట పైకెక్కి మళ్ళీ దిగితే 25 మీటర్ల మైదానం 45 మీటర్ల కేబుల్ అవుతుంది. నేను టేపు పట్టుకుని ఆ దారే నడుస్తాను, రెండు చివర్లా మూడేసి మీటర్లు కలుపుతాను.

15 మీటర్ల లోపైతే మంచి మిడి కేబుల్ ఒక్క ముక్కగా కొనండి, జాయింట్లు వద్దు. 15 నుంచి 40, 50 మీటర్ల దాకా మెలితిప్పిన జత ఉన్న మంచి కేబుల్, చేతితో చేసిన అడాప్టర్లు చాలు, కానీ పరీక్ష తప్పనిసరి. అంతకు మించితే, లేదా ఒక్క నోటు కూడా తప్పకూడని కార్యక్రమమైతే, ఆర్ఎస్-485 పెట్టెలో నెట్‌వర్క్ మిడియో వాడాలి, ఆ రెండిటి సంగతి కింద చెప్తాను. 30 మీటర్లకే ఆర్ఎస్-485 పెట్టినా తప్పు లేదు. నేనిప్పుడు చాలాసార్లు అలాగే చేస్తున్నాను.

యూఎస్‌బీ మాత్రమే ఉన్న కీబోర్డు వాళ్ళకు ఒక మాట. ఇప్పుడు చవక రకాల్లో గుండ్రటి జాక్ ఉండడం లేదు. యూఎస్‌బీ కేబుల్‌కు 5 మీటర్లే హద్దు, ఎక్స్‌టెన్షన్ల మీద ఎక్స్‌టెన్షన్లు వేయకండి. కీబోర్డు పక్కనే ఒక యూఎస్‌బీ మిడి హోస్ట్ పెట్టె పెట్టి అయిదు పిన్నుల మిడిగా మార్చుకోండి, లేదా వేదిక మీదే ఒక చిన్న ల్యాప్‌టాప్ పెట్టి నెట్‌వర్క్ దారి పట్టండి.

అడాప్టర్ల తయారీ

దూరం దాటడానికి మైకు కేబుల్ బాగా పనికొస్తుంది, ఎందుకంటే మన సౌండ్ వాళ్ళ పెట్టెల్లో అది ఎప్పుడూ ఉంటుంది. లోపల రెండు తీగలు మెలితిరిగి ఉంటాయి, చుట్టూ షీల్డు ఉంటుంది. మిడికి కావలసింది సరిగ్గా అదే. రెండు చివర్లకు రెండు పొట్టి అడాప్టర్లు చేసుకుంటే చాలు.

కీబోర్డు వైపు అడాప్టర్‌కు ఒక చివర అయిదు పిన్నుల మేల్ డిన్ జాక్ (మిడి గుండ్రటి జాక్ పేరు అదే), ఇంకో చివర ఎక్స్‌ఎల్‌ఆర్ (మైకు కేబుల్‌కు ఉండే మూడు పిన్నుల జాక్) మేల్. మిడిని ల్యాప్‌టాప్‌లోకి ఇచ్చే ఇంటర్‌ఫేస్ పెట్టె వైపు ఒక చివర అదే డిన్ మేల్, ఇంకో చివర ఎక్స్‌ఎల్‌ఆర్ ఫిమేల్. మైకు వేదిక మీద నుంచి మిక్సర్ వైపు వెళ్ళే దిశలోనే మిడి కూడా వెళ్తుంది కాబట్టి మేల్, ఫిమేల్ ఈ వరసలోనే సరిపోతాయి. డిన్ 4ను ఎక్స్‌ఎల్‌ఆర్ 2కు, డిన్ 5ను ఎక్స్‌ఎల్‌ఆర్ 3కు, డిన్ 2ను ఎక్స్‌ఎల్‌ఆర్ 1కు కలపండి. రెండు అడాప్టర్లలోనూ ఒకే వరస ఉండాలి, అది ముఖ్యం.

డిన్ పిన్నుల నంబర్ల దగ్గరే ఎక్కువమంది పొరబడతారు. అవి 1, 2, 3, 4, 5 అని వరసగా ఉండవు. అర్ధచంద్రాకారంలో ఒక కొస నుంచి 1, 4, 2, 5, 3 అని వస్తాయి. నడిమి పిన్ను 2. దానికి అటూ ఇటూ 4, 5. కొసల్లో 1, 3, అవి మనకు అక్కర్లేదు. ముందు నుంచి చూసిన వరస సోల్డర్ చేసే వెనక వైపు అద్దంలోలా తిరగబడుతుంది. అందుకని ప్లాస్టిక్ మీద చెక్కిన చిన్న అంకెల్ని ఫోను టార్చి వేసి చూసుకోండి. 4, 5 తారుమారైతే పరికరం కాలదు, లోపల రక్షణకు ఒక డయోడ్ ఉంటుంది, కానీ ఏమీ పలకదు.

సోల్డరింగ్ మొదలుపెట్టేముందు జాక్ వెనక తొడుగును తీగకు ఎక్కించుకోండి. అన్నీ అతికాక తొడుగు బయట మిగిలిపోతే పని మళ్ళీ మొదటికొస్తుంది. తీగ తోలు 3 మిల్లీమీటర్ల కంటే ఎక్కువ తీయొద్దు. ముందు తీగ కొసకు, పిన్ను గుంతకు విడివిడిగా సీసం పూయండి, తర్వాత రెండూ కలిపి ఒక్క క్షణం వేడి తగిలించండి. ఎక్కువసేపు పెడితే డిన్ జాక్ ప్లాస్టిక్ మెత్తబడి పిన్ను వంగిపోతుంది. ఈ జాక్‌లో పిన్నులు బాగా దగ్గరగా ఉంటాయి కాబట్టి ఒక్కొక్క పిన్నుకు విడిగా వేడికి ముడుచుకునే హీట్‌ష్రింక్ గొట్టం తొడగండి. సీసం చల్లారాక మెరుస్తూ, పిన్ను చుట్టూ జారినట్టు ఉండాలి. బూడిదరంగులో గుండ్రటి ముద్దలా ఉంటే అది అతకలేదు, మళ్ళీ వేడిచేయండి.

షీల్డు తీగను 2వ పిన్నుకు మాత్రమే కలపండి. జాక్ లోహపు తొడుగుకు గానీ, ఎక్స్‌ఎల్‌ఆర్ బాడీకి గానీ కలపకండి. కలిపితే అది మిక్సర్ రాక్ ఇనుముకు తగిలి రెండు వైపుల ఎర్త్‌లు కలిసిపోతాయి. ఆప్టో పెట్టిన ప్రయోజనమే పోతుంది.

అయ్యాక మల్టీమీటర్ తీసుకుని, తీగ కలిసి ఉంటే బీప్ మోగే సెట్టింగులో పెట్టండి. ఒక్కొక్క తీగ ఈ కొస నుంచి ఆ కొసకు మోగాలి, పక్క పిన్నుతో మోగకూడదు. తర్వాత కీబోర్డు ఆన్ చేసి మిడి అవుట్‌కు ఈ లైను తగిలించి, అవతలి కొసలో 4కు 2కు మధ్య కొలవండి. పాత పరికరమైతే సుమారు 5 వోల్టులు, కొత్త తక్కువ వోల్టేజి పరికరమైతే సుమారు 3.3 రావాలి. 5కు 2కు మధ్య కూడా అంతే రావాలి. 4, 5ల మధ్య ఏమీ వాయించనప్పుడు సున్నా దగ్గర ఉండాలి. ఈ మూడూ సరిపోతే లైను బాగున్నట్టే.

ఫాంటమ్ పవర్ (మైకు కోసం మిక్సర్ అదే కేబుల్లో పంపే కరెంటు) గురించి గట్టిగా చెప్తున్నాను. ఎక్స్‌ఎల్‌ఆర్ కనిపించగానే ఎవరో ఒకరు దాన్ని మిక్సర్‌లో గుచ్చుతారు. 48 వోల్టులు ఆన్‌లో ఉంటే అది నేరుగా కీబోర్డు మిడి అవుట్‌లోకి వచ్చి పడుతుంది, లోపలి చిప్ దెబ్బతినొచ్చు. నా అడాప్టర్లకు, లైను రెండు కొసలకు ఎర్ర టేపు చుట్టి మార్కర్‌తో "మిడి, మిక్సర్‌కు కాదు" అని తెలుగులో, ఒడియాలో రెండిట్లో రాసిపెడతాను. మన దగ్గర లైట్ల వాళ్ళు ఒక భాష, సౌండ్ వాళ్ళు ఒక భాష.

చాలా మైకు లైన్లు ఒకే తొడుగులో వెళ్ళే స్నేక్ కేబుల్లో ఖాళీ చానెల్ ఉంటే దాన్నీ ఇలాగే వాడుకోవచ్చు, అది లోపల ఉత్త తీగ అయితేనే. డిజిటల్ స్టేజ్ బాక్స్ అయితే వద్దు. అందులో జాక్ వెనక మైకు ప్రీఆంప్ ఉంటుంది, మిడి అందులోంచి వెళ్ళదు. వాయిద్యాన్ని మైకు లైనుకు కలిపే డీఐ బాక్సు, ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ఏ పెట్టె అయినా అంతే.

లాన్ కేబుల్‌తో కూడా ఇదే పని చేయొచ్చు, కెపాసిటెన్స్ తక్కువ కాబట్టి ఇంకా మంచిది. ఒక్కటే నియమం: మిడి 4, 5లు ఒకే జతలో వెళ్ళాలి. ఆర్‌జే-45 జాక్‌లో నీలం జత సరిగ్గా 4, 5 స్థానాల్లోనే ఉంటుంది, కాబట్టి గుర్తుంచుకోవడం తేలిక. తిరుగు దారి మిడి కూడా కావాలంటే నారింజ జత వాడండి. ఒక తీగ నీలం జత నుంచి, ఇంకోటి గోధుమ జత నుంచి తీస్తే మెలికవల్ల వచ్చే రక్షణ పోతుంది. అలా చేసిన లైను ఇంట్లో పలుకుతుంది, జెనరేటర్ పక్కన మొండికేస్తుంది. ఇది నెట్‌వర్క్ కాదు, ఉత్త తీగ అని మరిచిపోకండి. దీన్ని రౌటర్‌లోనో, కెమెరాలకు కరెంటిచ్చే స్విచ్‌లోనో పెట్టకూడదు.

చిన్న స్టీరియో పిన్ను జాక్‌తో మిడి ఇచ్చే పరికరాలు కూడా ఇప్పుడు ఉన్నాయి. 2018లో వచ్చిన ప్రమాణం ప్రకారం టైప్-ఏలో కొస డిన్ 5కు, నడిమి రింగు డిన్ 4కు, మొదలు డిన్ 2కు. టైప్-బీలో కొస, రింగు తారుమారు. మీ పరికరం ఏ రకమో మాన్యువల్లో చూసుకున్నాకే సోల్డర్ చేయండి.

50 మీటర్లు దాటితే: ఆర్ఎస్-485 పెట్టె

ఫ్యాక్టరీల్లో మీటర్లను, యంత్రాలను కలపడానికి వాడే పద్ధతి ఇది. లైట్ల వాళ్ళ డీఎంఎక్స్ కూడా దీని మీదే నడుస్తుంది. ఒకే సిగ్నల్‌ను రెండు తీగల్లో ఎదురెదురుగా పంపుతుంది. బయటి గోల రెండు తీగల మీదా సమానంగా పడుతుంది కాబట్టి అవతలి చిప్ రెండిటి తేడా మాత్రమే చూసి గోలను వదిలేస్తుంది. సెకనుకు లక్ష బిట్ల వేగంలో 1,200 మీటర్ల దాకా వెళ్తుందని ఈ పద్ధతికి పేరు. మన మిడి వేగం అందులో మూడో వంతు కూడా లేదు. అంటే 100, 200 మీటర్లు దీనికి ఆటలాంటివి.

పంపే పెట్టెలో మిడి ఇన్ జాక్. డిన్ 4 నుంచి 220 ఓమ్‌ల రెసిస్టర్ ద్వారా హెచ్11ఎల్1 ఆప్టో చిప్ ఎల్ఈడీకి, అక్కడి నుంచి డిన్ 5కు. ఆ ఎల్ఈడీకి అడ్డంగా ఒక 1ఎన్4148 డయోడ్ తిరగేసి పెట్టండి. ఈ జాక్‌లో 2వ పిన్నును వదిలేయండి. చిప్ అవుట్‌పుట్‌ను 470 ఓమ్‌లతో 5 వోల్టులకు లాగి, మాక్స్485 చిప్ (ఆర్ఎస్-485 సిగ్నల్‌ను పంపేది, అందుకునేది ఇదే) డీఐ పిన్నుకు ఇవ్వండి. డీఈ, ఆర్ఈ పిన్నులు రెండిటినీ 5 వోల్టులకు కట్టేయండి, ఇది ఎప్పుడూ పంపుతూనే ఉంటుంది. ఏ, బీ పిన్నులు లైనుకు.

అందుకునే పెట్టెలో ఇంకో మాక్స్485. డీఈ, ఆర్ఈ రెండూ గ్రౌండ్‌కు. ఆర్ఓ పిన్ను నుంచి వచ్చేదాన్ని 74హెచ్‌సీ14 (సిగ్నల్‌ను తిరగేసే గేట్లున్న చిప్)లో రెండు గేట్లు వరసగా దాటించి, 220 ఓమ్‌ల ద్వారా మిడి అవుట్ జాక్ 5వ పిన్నుకు ఇవ్వండి. 4వ పిన్నుకు 5 వోల్టుల నుంచి ఇంకో 220. 2వ పిన్ను ఆ పెట్టె గ్రౌండ్‌కు.

ఏ, బీల మధ్య అందుకునే వైపు 120 ఓమ్‌ల రెసిస్టర్ కావాలి. బజార్లో దొరికే రెడీమేడ్ మాడ్యూళ్ళలో చాలావాటి మీద అది ముందే ఉంటుంది, మల్టీమీటర్‌తో కొలిచి చూసుకోండి. దాంతో ఒక చిక్కు ఉంది. కచేరీ మధ్యలో ఎవరి కాలో తగిలి కేబుల్ ఊడితే, ఆ 120 ఓమ్‌ల వల్ల ఏ, బీ రెండూ ఒకే వోల్టేజికి వచ్చి, చిప్‌కు ఒకటో సున్నానో తేలక ఇష్టమొచ్చిన బైట్లు కక్కుతుంది. అందుకని అందుకునే వైపు ఏను 680 ఓమ్‌లతో 5 వోల్టులకు, బీను 680 ఓమ్‌లతో గ్రౌండ్‌కు లాగండి. అప్పుడు కేబుల్ ఊడినా పెట్టె మౌనంగా ఉంటుంది. ఈ రెండు రెసిస్టర్లు వేసిన పెట్టెకు, వేయని పెట్టెకు తేడా చూడాలంటే పలుకుతుండగా కేబుల్ లాగి చూడండి.

రెండు పెట్టెల గ్రౌండ్‌లను కలపడానికి మూడో తీగ ఒకటి ఉండాలి, దాంట్లో 100 ఓమ్‌ల రెసిస్టర్ వేయండి. అందుకునే పెట్టె గ్రౌండ్‌తో పోలిస్తే లైను మీది వోల్టేజి మైనస్ 7 నుంచి ప్లస్ 12 వోల్టుల మధ్య ఉంటేనే ఈ చిప్‌లు సరిగ్గా పనిచేస్తాయి. ఒక్కో పెట్టెకు విడిగా మంచి 5 వోల్టుల అడాప్టర్ ఇవ్వండి. మరీ చవక ఫోను చార్జర్లతో లైన్లోకి గోల వస్తుంది.

నెట్‌వర్క్ దారి

రెండు వైపులా ల్యాప్‌టాప్ ఉంటే ఇదే తేలిక. లాన్ కేబుల్‌ను లాన్ కేబుల్‌గానే వాడతాం, 100 మీటర్ల దాకా ఒకే ముక్క, ఆపైన మధ్యలో స్విచ్. మిడిని నెట్‌వర్క్ మీద పంపే ఆర్‌టీపీ-మిడి పద్ధతికి 2006లో ప్రమాణం వచ్చింది, 2011లో దాన్ని సవరించారు. దారిలో ఒక ప్యాకెట్ పోయినా, తర్వాతి ప్యాకెట్‌లో ఉన్న చిట్టా చూసి సరిదిద్దుకునే ఏర్పాటు ఇందులో ఉంది. మోగుతూ ఉండిపోయే నోటుకు ఇది మంచి మందు.

మ్యాక్‌లో ఆడియో మిడి సెటప్‌లోనే నెట్‌వర్క్ అనే భాగం ఉంటుంది. విండోస్‌లో ఆర్‌టీపీమిడి అనే ఉచిత ప్రోగ్రాం వేసుకోవాలి. రెండు యంత్రాలకూ మారని ఐపీ అడ్రసులు ఇవ్వండి, ఒకదానిలో సెషన్ తెరిచి రెండోదానిలోంచి కలపండి. కలవకపోతే ముందు ఫైర్‌వాల్ చూడండి, యూడీపీ 5004, 5005 పోర్టులు తెరిచి ఉండాలి. కలిశాక రెండు ల్యాప్‌టాప్‌లలోనూ వైఫై, అప్‌డేట్లు, నిద్రపోయే సెట్టింగు ఆపేయండి.

వైఫై మీద, బ్లూటూత్ మీద మిడి పంపొద్దు. ఇంట్లో రిహార్సల్‌కు బాగుంటుంది. యాత్రలో వేలమంది ఫోన్లతో చుట్టూ నిలబడ్డాక ఆ గాలిలో చోటుండదు.

లైను వేయడం

కరెంటు తీగల వెంట మిడి లైను వేయకండి. కనీసం ఒక అడుగు ఎడం ఉంచండి, దాటాల్సిన చోట అడ్డంగా, లంబకోణంలో దాటించండి. డిమ్మర్ రాకులు, ఎల్ఈడీ గోడకు వెళ్ళే కరెంటు లైను, జెనరేటర్ ఈ మూడూ ఎక్కడున్నాయో ముందే చూసి, దారి వాటికి దూరంగా ఎంచుకోండి. మిగిలిన కేబుల్‌ను చుట్ట చుట్టి ఆంప్లిఫయర్ మీద పెట్టకండి.

నేల మీద వేసేచోట జనం తొక్కకుండా రబ్బరు మ్యాటో గోనెపట్టానో కప్పండి. వాన పడే సూచన ఉంటే జాయింట్లు నేల మీద ఉండకూడదు. వాటిని గుంజకు కట్టి, మీద పాలిథిన్ సంచి నోరు కిందికి ఉండేలా తొడగండి.

పరీక్ష: ఇక్కడ తొందరపడకండి

రెండు రాగాలు వాయించి "వస్తోంది" అనుకోవడం పరీక్ష కాదు. వెయ్యిలో ఒక్క బైట్ తప్పినా సౌండ్ చెక్‌లో తెలియకపోవచ్చు, మూడు గంటల కచేరీలో మాత్రం తప్పక బయటపడుతుంది.

నేను చేసేది ఇది. చాలా సింథ్‌లలో లోపలి సౌండ్ల సమాచారమంతా ఒకేసారి మిడి ద్వారా బయటికి పంపే బల్క్ డంప్ అనే సదుపాయం ఉంటుంది. రోలాండ్, యమహా డంపుల్లో ప్రతి ముక్క చివర చెక్‌సమ్ (బైట్లన్నీ సరిగ్గా వచ్చాయో లేదో తేల్చే అంకె) ఉంటుంది. ఒక్క బిట్ మారినా తెలిసిపోతుంది. మిడి సెకనుకు 3,125 బైట్లు మోస్తుంది కాబట్టి 32 కిలోబైట్ల డంపుకు పదిన్నర సెకన్లు పడుతుంది. దాన్ని అవతలి ల్యాప్‌టాప్‌లో మిడి-ఓఎక్స్ లాంటి ప్రోగ్రాంలో 20 సార్లు పట్టండి, నాలుగు నిమిషాల పని. అన్ని ఫైళ్ళూ ఒకే సైజులో, ఒకేలా ఉండాలి. ఒక్కటి తేడా వచ్చినా ఆ లైనును నమ్మకండి.

ఈ పరీక్ష పగలు నిశ్శబ్దంలో చేస్తే చాలదు. జెనరేటర్ నడుస్తుండగా, డిమ్మర్లు సగం వెలుగులో పెట్టి చేయండి. పూర్తి వెలుగు కంటే సగం వెలుగులోనే డిమ్మర్ ఎక్కువ గోల చేస్తుంది, కరెంటు అలను సరిగ్గా నడిమిన కోస్తుంది కాబట్టి. తర్వాత పది నిమిషాలు రెండు చేతులతో నిండు కార్డులు, పిచ్ బెండ్, పెడల్ అన్నీ కలిపి వాయించి, తెరమీద నొక్కిన నోట్లు, వదిలిన నోట్లు సమానంగా ఉన్నాయేమో చూడండి. కొన్ని కీబోర్డులు నోటు వదిలినప్పుడు బలం సున్నాతో నొక్కినట్టుగా పంపుతాయి, వాటిని కూడా వదిలినట్టే లెక్కపెట్టాలి.

తప్పులొస్తే ముందు త్రూ జాక్‌ల గొలుసు విప్పండి. కీబోర్డు నుంచి ఒక మాడ్యూల్, దాని త్రూ నుంచి ఇంకోటి, ఇలా ప్రతి చోటా ఒక ఆప్టో సిగ్నల్ అంచును కాస్త కాస్త వంకర చేస్తుంది. దూరపు లైనును కీబోర్డు అవుట్ నుంచే నేరుగా తీయండి, రెండు మూడు పరికరాలకు పంచాలంటే త్రూ బాక్స్ వాడండి. రెండు అవుట్‌లను వై కేబుల్‌తో ఒక ఇన్‌లోకి కలపకండి, దానికి మెర్జర్ కావాలి. అప్పటికీ తప్పులొస్తే మైకు కేబుల్ తీసి లాన్ కేబుల్ వేసి చూడండి, దాంతోనూ కుదరకపోతే ఆర్ఎస్-485కు వెళ్ళండి.

ఆలస్యం కేబుల్లో లేదు

"పొడుగు కేబుల్ వేశాక లేటుగా పలుకుతోంది" అని చాలామంది చెప్తారు. 100 మీటర్ల తీగను సిగ్నల్ అర మైక్రోసెకనులో దాటేస్తుంది. లేటు గాలిలో ఉంది. సౌండు మిక్సర్ దగ్గర పుట్టి, మైదానంలోని స్పీకర్ నుంచి 30 మీటర్లు గాలిలో తిరిగి వేదిక మీదికి రావడానికి సుమారు 85 మిల్లీసెకన్లు పడుతుంది. తాళం తప్పడానికి అది చాలు. ల్యాప్‌టాప్ మిక్సర్ దగ్గర పెట్టినప్పుడు దాని సౌండు వాయించేవాళ్ళ మానిటర్‌లోకి, లేదా చెవిలోకి తీగ ద్వారా తప్పక తిరిగి రావాలి. ఈ లైను అడగడం మరిచిపోతే ఎంత మంచి మిడి కేబుల్ వేసినా లాభం లేదు. మానిటర్ పెట్టాక కూడా లేటుగా ఉంటే ల్యాప్‌టాప్ ఆడియో బఫర్ (సౌండును కాస్త పోగేసి పంపే సెట్టింగు) ఎక్కువగా ఉందేమో చూడండి.

కచేరీ రాత్రికి

అవతలి ల్యాప్‌టాప్‌లో "అన్ని నోట్లూ ఆపు" అనే కంట్రోల్ 123ను ఒక మీటకు కట్టి, మిక్సర్ దగ్గర కూర్చునే మనిషికి ఆ మీట చూపించి, ఒకసారి నొక్కించి చూడండి. పర్లాకిమిడిలో ఆ మీట ఉండి ఉంటే ఒక్క క్షణంలో పోయేది. రెండో లైను కూడా లాగి, కొసలు రెండూ పక్కనే కట్టి ఉంచండి. అడాప్టర్లు రెండు జతలు సంచిలో ఉండాలి.

సముద్రపు ఒడ్డున కార్యక్రమమైతే కేబుళ్ళు విప్పాక పని ఇంకా ఉంటుంది. గోపాల్‌పూర్‌లో ఒక్క రాత్రి ఉప్పుగాలికే జాక్ పిన్నుల మీద మసక పడుతుంది, వారం వదిలేస్తే ఆకుపచ్చ తేలుతుంది. ఇంటికి రాగానే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన పొడి గుడ్డతో పిన్నులు తుడిచి, జాక్‌లను ఆరబెట్టి, కేబుల్‌ను ఒక చుట్ట పైనుంచి, ఒక చుట్ట కిందినుంచి వేస్తూ మెలికపడకుండా చుట్టి, జాక్‌లకు పాలిథిన్ తొడిగి డబ్బాలో పెట్టండి.